కొమ్ముకుండ

సబ్బు ముట్టుకోకు, ఇసాకూ.
సబ్బు గాజు గళాసులకి.
ఇది మట్టి. ఏది పోస్తే అది తాగుతాది,
తాగింది దాసుకుంటాది,
తెల్లారి లారీ డ్రైవరు నాలిక మీద కక్కుతాది.

మా తోటికోడలు ఒకపాలి తోమింది
నిమ్మకాయ వాసన సబ్బుతో.
మూడ్రోజులు గుణుపురం బస్టాండంతా
ఉతికిన టీ తాగింది.
"మావుసీ, చొక్కా కూడా ఇప్పి ఇచ్చెయ్యనా"
అన్నాడు కండక్టరు పండా.

ఇలాగ వొంచు. ఎలుతుర్లో సూడు.
ఆ నలుపు ఆకుది, ఆ తెలుపు నీటిది.
వంశధార నీరు ఇంత మరక ఎట్టదు,
బోరింగు నీరే, సున్నం మోసుకొస్తాది.
నలుపు మెత్తన, గోటికి వొచ్చేస్తాది.
తెలుపు మొండిది.
దానికి సింతపండు పులుసు పోసి రాత్రంతా వొదిలెయ్యి,
పొద్దున్న కొబ్బరిపీసు ఎట్టు.
బలం సూపించకు,
పసిగుడ్డు మాడు రుద్దినట్టు రుద్దు.
కొమ్ములోకి నీ వేలు దూరదు,
కోడి ఈక ఎట్టు. సంతలో ఈకలకేటి కరువు.

నిరుడు రాయగడ నించి ఇనస్పెక్టరు వొచ్చాడు.
లోపల వేలెట్టి గీసాడు. వేలు నల్లగా లేచింది.
నా మొకం సూడలేదు, ఆ వేలే సూసుకున్నాడు.
ఒడియాలో ఏదో రాసాడు,
నాను తెలుగులో సంతకం ఎట్టాను.

ఆ రాత్రి బయమేసి మొత్తం గీకేసాను.
బూడిద, ఇటికపొడి, మల్లీ సింతపండు.
పదకొండేల్ల మడ్డి తారులాగ ఊడొచ్చింది.
లోపల ఎంత ఎరుపో!
పర్లాకిమిడిలో కుమ్మరి దండాసి
ఏలి కనుపుతో వాయించి
నా సేతిలో ఎట్టిన నాటి ఎరుపు.
మురిసిపోయి పొయ్యి మీదకి ఎక్కించాను.

సుయ్‌మంది నిప్పు.

అడుగున నెర్ర.
జెర్రి కాలంత సన్నం.

అది ఆ రాత్రి నెర్ర కాదు, నాకు తెలుసు.
పాత బస్టాండు కూలగొట్టి మమ్మల్ని లేపేసిన రోజు
కుండ మోసినోడు మా ఆయన.
"టక్కుమన్నాదేటి?" అని అడిగాను.
"ఏటీ కాలేదు" అన్నాడు.
ఎనిమిదేల్లనాటి మాట అది.
ఆ మాట మీదే టీ పోసాను, రోజుకి ముప్పై వాయిలు,
మడ్డి కట్టింది, నీరు నిలిసింది.

ఆడు పోయి మూడేల్లు.
సల్లారిన పొయ్యి కాడ కూకుని
పేరెట్టి మరీ తిట్టాను. జోగులూ,
ఒక్క ముక్క సెప్పుంటే నాను కొరుక్కు తిందునేటి,
అరవై రూపాయిల కుండకి!
కుక్క లేచి దూరంగా ఎల్లి పడుకుంది.

మందు మీ అమ్మే సెప్పింది,
అడ్డాకులు అమ్ముకోడానికి కొండ దిగిన సంతరోజున.
పల్సగా సోడంబలి పొయ్యి,
సన్నసెగని మరగనీ, మూడు పూటలు.
మట్టికి ఆకలెక్కువ,
పగులు కాడ ఇంకా తింటాది.
మీ సవర మాట నాకు సగమే తెలిసింది,
మిగతా సగం ఆమె సేతులు సూసి నేర్సుకున్నాను.

అందుకే సెప్తన్నాను.
గోడలు నీవి, కొమ్ము నీది.
అడుగు నాది. అక్కడికి పీసు పోనివ్వకు.
ఇనస్పెక్టరు వొస్తే రానీ,
ఆడి వేలు అంత లోతుకి అందదు.

కడిగాక బోర్లించకు,
పక్కకి వొంచి ఎండలో ఎట్టు, తడి మూసేస్తే బూజు.
అదుగో, పర్లా బస్సు హారను.
ఈ మూల గళాసులు కడుగు.
వాటికి ఎట్టు సబ్బు, ఎంత కావాలంటే అంత.