పంపు మెకానిక్ చెప్పినది

ఓక్లహోమాలో ఆ ఇంటికి దారి అడిగితే
"మేక కనిపించిన చోట ఆగు" అంటారు.
మేక నిలబడ్డది ఇంటి కప్పు మీదే.
కప్పంతా గడ్డి, గడ్డిలోంచి ఒక గాలిగొట్టం,
గొట్టానికి కట్టిన తాడు చివర మేక.

పదకొండు మెట్లు దిగాలి.
లొరీన్ హాస్కిన్స్ ముందు బూట్లు విప్పమంటుంది,
తర్వాతే పలకరింపు.

పైన ఉన్నప్పుడు ఆమె ఇల్లు రెండుసార్లు ఎగిరిపోయింది.
మొదటిసారి కప్పు ఒక్కటే.
రెండోసారి మిగిలింది స్నానాల తొట్టి,
తొట్టిలో ఆమె, ఆమె మీద డ్వేన్, డ్వేన్ మీద పరుపు.
"మూడోసారి గాలికి నా చిరునామా ఇవ్వను" అని
నేల తవ్వే యంత్రాన్ని పిలిపించింది.

బ్యాంకువాడొచ్చి ఇల్లెక్కడ అన్నాడట.
"నువ్వు తొక్కుతున్నదే" అంది.
అప్పు పుట్టలేదు.

కడుపులో చల్ల కదలని ఇల్లు, కాదనను.
బయట రోడ్డు తారు కరుగుతుంటే
లోపల ఆమె స్వెట్టర్ అల్లుతూ ఉంటుంది.
అద్దాల గొట్టంలోంచి పళ్లెమంత ఎండ దిగి
మధ్యాహ్నందాకా గోడ మీద నడుస్తుంది.
కరెంటు బిల్లు తీసి చూపిస్తుంది,
మనవడి మార్కులు చూపించినట్టు.

డ్వేన్ అక్కడే పోయాడు, రెండో ఏడు,
సోఫాలో, గుండె ఆగి.
ఆకు కూడా కదలని రోజు.

నేల ఊరికే దాచుకోదు ఎవర్నీ.
గోడల వెనక నీళ్లు తలుపు తట్టకుండా వస్తాయి.
అందుకే నేను, ఏడాదికి నాలుగుసార్లు.
గాలిని తప్పించుకున్నవాళ్లంతా
ఆఖరికి నా ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద అతికించుకుంటారు.

మే నెలలో, సైరన్ మోగిన సాయంత్రం
నేనక్కడే ఉన్నాను, పంపు విప్పి, వాషర్ చేతిలో పట్టుకుని.
ఇద్దరికని కట్టిన ఇంట్లోకి పదహారుమంది దిగారు.
"కుందేలు కాపురం" అని నవ్విన విట్‌లాక్ అందరికంటే ముందు,
ఆక్సిజన్ సిలిండర్‌తో ఒక ముసలాయన,
ఎవరిదో తెలియని పాప,
మేక.

రైలు వెళ్లినట్టు ఉంటుందంటారు. మాకేమీ వినపడలేదు.
చెవులు మూసుకుపోయాయి, అంతే.
దీపాలు పోయాయి.
తర్వాత పాదాలకి చల్లగా తగిలింది.

పంపు మూడు ముక్కలై బల్ల మీద ఉంది.
సూపు గిన్నెలు, పాప బొమ్మ బకెట్, డ్వేన్ టోపీ,
మెట్ల మీద వరసగా నిలబడి
తెల్లారేదాకా నీళ్లు పైకి అందించాం.
విట్‌లాక్ అన్నిటికంటే కింది మెట్టు మీద,
మోకాళ్ల దాకా తడిసి.
గాలి మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు రెండు పంపులు, ఒక బ్యాటరీ.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక అడిగింది:
"వాన మొదలైతే నాకు తెలియదోయ్. దానికేమైనా ఉందా?"

గాలిగొట్టం కింద
కాఫీ డబ్బా మూత ఒకటి బిగించాను.
బిల్లులో రాయలేదు.

నిన్న రాత్రి ఫోన్ చేసింది. పంపు గురించి కాదు.
ఏమీ మాట్లాడలేదు, ఫోన్ గొట్టం దగ్గర పెట్టింది.
టక్.
చాలాసేపటికి
ఇంకొకటి.