ఇయ్యను

కందుకూరు ఆడపిల్లల కాలేజీ వాళ్లు
నాకో శాలువా కప్పి, మైకు చేతికిచ్చి
"మీ విజయ రహస్యం చెప్పండి మేడమ్, పది నిమిషాలే" అన్నారు.
పది నిమిషాలు సాగేంత విజయం నా దగ్గర లేదు,
రహస్యం అసలే లేదు.
రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబు,
పనిచేసే ఇద్దరమ్మాయిలు, గురక పెట్టే పాత ఫ్రిజ్జు.
అందుకని పెంచలమ్మ సంగతి ఎత్తుకున్నాను.

కొండపి అవతల బ్యారన్ల దగ్గర
పచ్చాకు కర్రలకి అల్లే ఆడోళ్లలో ఆమె ఒకతె.
మా అమ్మ పక్కనే కూర్చునేది.
జిగురుతో నల్లబడ్డ వేళ్లు
చింతపండేసి తోమినా, ఇసకేసి తోమినా
అన్నం ముద్ద చేదుగానే ఉండేది.
పదహారేళ్లు అల్లీ అల్లీ
ఆకు రంగు చూసి రేటు చెప్పే కన్ను సంపాదించింది.
ఆనక ఓ బ్యారన్ కౌలుకి పట్టింది.
ఊరు నవ్వింది.
నవ్వనీయ్ అని తల ఎగరేసిందని చెప్తే బాగుండేది.
లేదు. ఏడ్చింది,
కట్టెల మోపు చాటున. నేను చూశాను.

వేలం నాడు నన్ను తోడు తీసుకుపోయింది, లెక్కలొచ్చని.
నాకప్పుడు పదమూడేళ్లు.
షెడ్డు నిండా చెక్కులు, చెక్కుల మధ్య మగోళ్లు,
పాట పాడే ఆయన వెనక కొనేవాళ్ల వరస,
నడుస్తానే రేటు, నడుస్తానే రాత.
చెక్కుకి అయిదారు క్షణాలు.
పెంచలమ్మ ఏడాది కష్టం దగ్గరా అంతే ఆగారు.
చీటీ మీద పడిన అంకె చూసింది.
కొంగుకి చెయ్యి తుడుచుకుంది.
"ఇయ్యను" అంది.

అరవలేదు. బతిమాలలేదు.
మొగుడి పేరు తేలేదు, పిల్లల ఆకలి తేలేదు.
ఎందుకియ్యవమ్మే అంటే
"ఆకు నాది గదా" అంది.
ఆ మాటకి ఇంకో మాట ఊతం పెట్టలేదు.
భయమేసి ఆమె కుచ్చిళ్లు పట్టుకున్నాను,
గుడ్డ లోపల కాళ్లు వణుకుతున్నాయి.
పైన మొహం మాత్రం
మిట్టమధ్యాన్నం మన్నేటి ఇసక మాదిరి
కదలకండా.

అక్కడ ఆపితే చప్పట్లు పడుండేవి.
మూడో వరసలో ఓ పిల్ల, చెవికి ఒకటే కమ్మ,
రెండోది ఏమైందో, లేచి అడిగింది:
"ఆ చెక్కు తర్వాత ఎంతకి పోయింది మేడమ్?"

పన్నెండు రోజులకి. కిలోకి రెండు రూపాయలు తక్కువకి.

హాల్లో ఫ్యాను చప్పుడు.
శాలువా లోపల చెమట.

ఇంకోటుంది, మైకులో చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నా.
పోయినేడు ఓ చెరువు ఆసామి వచ్చి
"తెల్లమచ్చ లేదని రాయమ్మా, మన మనిషివి గదా" అన్నాడు.
రాశాను. తెగులుకి కాదు, మన మనిషి అన్నదానికి సంతకం పెట్టాను.
ఆ నీళ్లు కాలవలోకి వదిలాడు.
కాలవ కింద మాల్యాద్రి చెరువు
నాలుగు రోజుల్లో తేలిపోయింది.
మాల్యాద్రి ఇప్పటికీ
ఎదురైతే నాకు నమస్కారం పెడతాడు.
అప్పట్నుంచి ల్యాబులో
ఎవరు కుర్చీ లాక్కుని దగ్గరికి జరిగినా
నా చెయ్యి దానంతటదే పెన్నుకి మూత పెడుతుంది.

పిల్ల కూర్చోలేదు.
"అయితే నష్టమేగా?"

ఆ మాటే ఆనాడు తిరుగు ట్రాక్టరు మీద నేనూ అడిగాను.
పెంచలమ్మ జవాబు చెప్పలేదు,
టంగుటూరు గేటు కాడ గోలీసోడా కొనిపెట్టింది.

మరుసటేడు అదే షెడ్డు. కొనే ఆయనా ఆయనే.
పెంచలమ్మ చెక్కు దగ్గరికి వచ్చి, పెన్ను ఆపి,
అంకె వెయ్యకముందే తలెత్తాడు.
"ఏమ్మా, నూట ఆరు. ఇస్తావా?"

వెనక వరస మొత్తం ఒకళ్ల మీద ఒకళ్లు ఆగారు.
పాట ఆగింది.
ఆమె ఆకు వంక చూసింది, ఆయన వంక చూసింది,
నేను ఈసారి కుచ్చిళ్లు పట్టుకోలేదు,
తీరిగ్గా, ఒక్కో వేలూ,
కొంగుకి చెయ్యి తుడుచుకుంది.