నాలుగు గడుల కాగితం

తమియ బడి నుంచి ఒక కాగితం తెచ్చింది.
నాలుగు గడులు. ఒక్కో గడిలో ఒక్కో కాలం గీయాలట.
"అమ్మా, ఆకులు రాలే కాలం మనకెప్పుడొస్తుంది?"

నా చేతుల్లో ఇంకా గులాబీ ముళ్ల మంట.
ప్రేమికుల రోజుకి మూడు వారాలే ఉంది.
ఈ కయాంబే లోయలో మేం నెలలు లెక్కపెట్టం,
ఎవరి పండక్కి ఎన్ని పెట్టెలో లెక్కపెడతాం.
ఫిబ్రవరికి ఎర్రవి,
మార్చి ఎనిమిదికి రష్యా ఆడవాళ్లకి బారెడు కాడలవి,
మే నెలలో ఎవరెవరి అమ్మలకో లేతరంగువి.
ఆ తర్వాత జూన్ గాలి లేచి
తోటల మీది ప్లాస్టిక్ కప్పుల్ని పీకుతుంది.
అది మాకు నడుం వాల్చే కాలం.
దానికి గడి లేదు.

ఒక బంగాళాదుంప తీసుకుని
స్వెట్టరల్లే సూది నిలువునా గుచ్చాను.
బల్ల మధ్య కొవ్వొత్తి.
"సూదిని కాస్త వంచి పట్టుకో.
బల్ల చుట్టూ ఎటు నడిచినా సరే
దాని కొన తలుపు వైపే చూడాలి, తెలిసిందా?"

నడిచింది, నాలుక పంటి కింద పెట్టుకుని.
ఈ పక్కకొస్తే దుంప తల వెలుగులో,
ఆ పక్కకెళితే దుంప పాదాలు వెలుగులో.
తల వెచ్చబడ్డప్పుడు పాదాలకి మంచు,
పాదాలు వెచ్చబడ్డప్పుడు తలకి మంచు.
"మరి మనం?"
"మనం నడుం దగ్గర. మొలతాడు కట్టే చోట.
ఎటు తిరిగినా మనకి వెలుగు తప్పదు."

"కొవ్వొత్తికి దగ్గరైతే వేడి, దూరమైతే చలి. అంతేగా?"
పొయ్యికైతే అంతే.
కానీ ఈ నెల మొదట్లోనే
భూమి సూర్యుడికి ఏడాది మొత్తంలో దగ్గరగా వెళ్లొచ్చింది.
మా పెట్టెలు దిగే మాస్కోలో ఇప్పుడు
ఊపిరి కూడా గడ్డకడుతోందట.
దగ్గరుంటే చాలదు తల్లీ,
ఎదురుగా చూడాలి.
ఏటవాలు చూపు చూసేవాడు పక్కనే కూర్చున్నా
ఒంటికి వెచ్చదనం తగలదు.
ఈ మాట ఎవర్ని తలుచుకుని అన్నానో
దానికి చెప్పలేదు.

ఎస్మెరాల్దాస్ తీరంలో రొయ్యల చెరువు కాసే మా అన్న సెగుందో
మొన్న ఫోన్‌లో "చలికాలం వచ్చేసిందే" అన్నాడు
మెడ మీద చెమట తుడుచుకుంటూ.
వాళ్లకి వాన పడితే చాలు, అది చలికాలం.
అదే మాట మాకు కొండమీద
స్వెట్టర్ మీద స్వెట్టర్.
ఒకే దేశం, ఒకే మాట,
వాడికి చొక్కా బరువు, నాకు ఉన్ని చాలదు.

అసలు శీతాకాలం మాకు లేదనేం లేదు.
ఉంది, ఇనప తలుపు వెనక,
రెండు డిగ్రీలు, రోజుకి నాలుగు గంటలు.
మంచుదేశం పోయే పూలకి
చలి ముందుగా ఇక్కడే నేర్పిస్తాం.
నేర్పేవాళ్ల వేళ్లు ముందు నీలబడతాయి.

తమియ దుంపని ఇంకా వంచే పట్టుకుంది.
"ఇంత ఒరిగితే పడిపోదా?"

పన్నెండేళ్లుగా బల్ల ముందు నిలబడి కాడలు కొలుస్తున్నాను.
మధ్యాహ్నం మూడు దాటేసరికి
ఒళ్లంతా ఎడమకాలి మీదికి వచ్చేస్తుంది.
పడలేదు.
"నిలబడి పనిచేసేవాళ్లెవరైనా
ఒరిగే నిలబడతారు," అన్నాను.

రాత్రి దుంప కూరలోకి పోయింది.
తమియ రంగుపెన్సిళ్లు తీసింది.
మొదటి గడిలో తెల్లారుజామున గడ్డి మీద మంచుపొడి.
రెండో గడిలో మిట్టమధ్యాహ్నం,
మనిషి పాదాల కిందికి దూరిపోయిన నీడ.
మూడో గడిలో మూడింటి వాన. దాని కింద
తన పేరు రాసుకుంది. మా భాషలో తమియ అంటే వానే.
ఒక్క రోజుతో మూడు గడులు నిండాయి.

నాలుగోదాంట్లో బూడిదరంగు తలుపు.
"దీనికి గొళ్లెం ఏదే?"
"లోపలుంది," అంది
తలెత్తకుండా.