సున్నాలు చాలని ఏడు

ఛత్తాబజార్‌లో పెళ్లికార్డులు కోయగా మిగిలిన
అంచు ముక్కల మీదే అచ్చయింది
మా రెండో డివిజన్ చరిత్రంతా.
జానెడు పొడుగు, రెండు వేళ్ల వెడల్పు,
ఒక పక్క ఎవరి లగ్గానిదో బంగారు పూత,
రెండో పక్క
'లాలాగూడ లోకో – బార్కస్ బ్రదర్స్, సాయంత్రం నాలుగున్నరకు.'

నేను కంపోజిటర్‌ని. ఆట రాదు.
బంతి కాలికి తగిలితే
ఎవరినో తొక్కినట్టు 'మాఫ్ చెయ్ భాయ్' అనేవాణ్ణి.

సెక్రటరీ గుణశేఖర్ ముదలియార్
సికింద్రాబాద్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు.
మెడలో విజిల్, క్యారియర్ మీద చుట్ట చుట్టిన నెట్లు,
కట్టాల్సిన బిల్లు మాత్రం ప్రతిసారీ ఇంట్లోనే.
"పై డివిజన్ ముచ్చట పేపరోళ్లు రాస్తరు తమ్మీ,
మనది మనమే అచ్చేసుకోవాలె."

మొదటి ఏడు పన్నెండు టీములు.
ఎనిమిదింటికి బూట్లు లేవు.
ఉన్న నాలుగింటిలో ఒకటి
హాఫ్‌టైమ్‌లో బూట్లు విప్పి గట్టున పెట్టి
అప్పుడు గెలిచింది.

బార్కస్ సాలెహ్ బిన్ ఉబైద్
పొద్దున జామకాయలమ్మి సాయంత్రం లెఫ్ట్ ఔట్ ఆడేవాడు.
అమ్ముడుపోని గంప గ్రౌండుకే తెచ్చేవాడు,
ఉప్పూ కారం అద్ది రెండు టీములకూ పంచేవాడు.
ఆ రోజు బేరం బాగా జరిగిందంటే
అందరి మొహాలూ వేలాడేవి.

లోకో గోలీ దానియేలు నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాడు.
నిద్ర కళ్లతోనే పెనాల్టీలు ఆపేవాడు.
మెలకువగా ఉంటే ఆపలేడని
వాళ్ల కెప్టెన్ చాయ్ తాగనిచ్చేవాడు కాదు.

ఒక ఏడు మిరుగు నుంచి దసరా దాకా వాన.
జింఖానా బురదలో బంతి గేదెలా కూలబడితే
ఇరవై రెండు మంది చుట్టూ చేరి లేపడమే ఆట.
సున్నా సున్నా. మళ్లీ సున్నా సున్నా.
పాయింట్ల పట్టిక పేరుస్తుంటే
నా కేసులో సున్నాలు అయిపోయాయి.

పక్క దుకాణంలో కాతిబ్ రహమతుల్లా సాబ్‌ని అడిగితే
"ఉర్దూలో సున్నా అంటే ఒక చుక్క, తీసుకో" అన్నాడు.
ముదలియార్ చుక్క వంక చాలాసేపు చూశాడు.
"గింత చిన్నదా మా ఆట?"

చివరికి తెలుగు కేసు లాగి అనుస్వారాలు పేర్చాను.
పదమూడు మ్యాచులకు ఇరవై ఆరు.
పక్కన అక్షరం లేనిదే పలకనివి,
ఆ ఒక్క ఏడు వాటంతట అవి నిలబడ్డాయి.
తేడా ఎవరూ కనిపెట్టలేదు.

గెలిచిన టీము పైకి పోవాలని రూలు.
కవాడిగూడ మిల్లు పోయేది,
పైన వరసగా ఓడి, వచ్చే వానాకాలానికి దిగేది.
అదే పేరు, అవే అక్షరాలు.
విడదీయడమెందుకని ఆ లైనును దారంతో కట్టి
గూట్లో పెట్టుకున్నాను.

మిల్లు మూతపడ్డ ఏడు
ముదలియార్ లిస్టు ఇచ్చి వేళ్లు చూపించాడు:
పదకొండు.
ఎవరు తగ్గారని నేనడగలేదు.
దారం విప్పలేదు.

తర్వాత ఆఫ్‌సెట్ వచ్చింది.
సీసం అంతా బేగంబజార్‌లో కిలోల లెక్కన తూచి అమ్మాను.
మిల్లు కట్టను త్రాసులో వేసి,
మళ్లీ తీసి జేబులో వేసుకుంటే
సేఠు గింజంత ముల్లు తగ్గిందని నవ్వాడు.

ముదలియార్ పోయాడు.
నాకింకా పద్నాలుగు రూపాయలు బాకీ.
ఆయన అచ్చేయించిన ఆఖరి చీటీ నా దగ్గరే ఉంది,
కర్ఫ్యూ నాటిది.
గోషామహల్ దోస్తులకూ బార్కస్‌కూ ఆగిన మ్యాచ్.

ఒక పక్క బంగారు పూత కొంచెం రాలింది.
రెండో పక్క
'తేదీ తర్వాత తెలుపబడును.'
తెలుపబడును – అందులో
ఒక్క సున్నా కూడా లేదు.