కందిబద్దంత

కందిబద్దంత ఉంటుంది.
ఇత్తడి గిన్నె, అందులో ఎండిన మందు చుక్క,
దాని మీద మూడు కాళ్ళ బుల్లి దాగలి.
"వేళ్ళకి నూనె ఉందా?" అన్నాడు ఓయివా కార్పినెన్.
ఉంది. మధ్యాహ్నం చేప వేయించాను.
సబ్బుతో రెండుసార్లు కడుక్కొచ్చి
మళ్ళీ ఎదురుగా కూర్చున్నాను
బడిపిల్లలా, యాభై ఆరేళ్ళ వయసులో.

కుహ్మోలో సెప్టెంబరు ఆఖరు.
కిటికీ అవతల సరస్సు
గడ్డకట్టాలా వద్దా అని ఇంకా బేరమాడుతోంది.
పన్నెండు రోజుల్లో మూస్ వేట,
నాకు అదే మొదటిది.

పొద్దున ఇద్దరం కొట్టుకు వెళ్ళాం.
నలభై ఏళ్ళుగా ఆయన వాడే నీలం డబ్బా లేదు.
"వచ్చే నెల రావచ్చు" అన్నాడు కుర్రాడు.
పోయిన నెలా అదే మాటట.
ఉన్నవి రెండు రకాలు.
ఒకటి పలచటి రేకుది, చిన్న దెబ్బకే పలుకుతుంది.
రెండోది మొండిది, చలికి జంకదు,
పలికిందంటే మాత్రం గట్టిగా పలుకుతుంది.
డబ్బా ఊపి చూడబోయాను.
ఓయివా నా మణికట్టు పట్టుకున్నాడు,
ఏమీ అనలేదు.

దారిలో అన్నాడు:
"ప్రైమర్ మారితే ఉప్పు మారినట్టు కాదు, సిర్కా,
పొయ్యి మారినట్టు.
మందు తగ్గించి మళ్ళీ మొదటి మెట్టు నుంచి రావాలి."
ఆయన ఒళ్ళో మొండిదాని డబ్బా.

కొట్టులో బల్లకు బిగించే యంత్రం కూడా ఉంది.
పొడుగాటి పిడి, మెరిసే ఇనుము,
ఎవరు లాగినా ఒకే లోతుకు దిగుతుందట.
"నీ చేతులకి అదే మేలు" అన్నాను.
ధర చీటీ చదువుతున్నట్టు చాలాసేపు నిలబడ్డాడు.
ఈ మధ్య కాఫీ కప్పు
సగమే నింపుకుంటాడని ఊరందరికీ తెలుసు.

కాబట్టి బల్ల మీద ఇప్పుడు పాత చేతి పరికరమే.
పిడి మీద పచ్చరంగు
ఆయన బొటనవేలి మేర అరిగిపోయింది.
ఆ గుంటలో నా వేలు పెట్టాను.
ఇంకొకరి చెప్పులా వదులు.

"కళ్ళు మూసుకో. నొక్కు. ఎక్కడ ఆగిందో చెప్పు."

ఇరవై రెండేళ్ళు కోట్ల ఫ్యాక్టరీలో కుట్టాను నేను.
ఉన్ని ఎన్ని పొరలో
సూదికన్నా ముందు వేలు చెప్పేది.
ఇక్కడ మొదట ఒక బిగువు.
తర్వాత జారుడు.
తర్వాత, చీకట్లో ఆఖరి మెట్టు దిగాక
నేల తగిలినట్టు, ఒక ఆగుదల.
"అదే. ఇంక వద్దు."
గుల్ల అడుగున వేలితో రాసి చూడమన్నాడు.
అంచుకి వెంట్రుకవాసి కింద, చల్లగా.
ఉబ్బెత్తుగా ఉన్నదాన్ని నమ్మకూడదట,
తుపాకిలోనైనా, మనిషిలోనైనా.

పదిహేడోదానికి ఆ బిగువు లేదు.
సబ్బు రాసిన ఉంగరంలా దిగిపోయింది.
నేను నోరు తెరిచేలోపే
ఓయివా చెయ్యి చాచి, వణుకుతూనే,
ఆ గుల్లని పక్కన పెట్టేశాడు.
"ఎలా తెలిసింది?"
"పదహారింటికీ ఊపిరి బిగబట్టావు.
దీనికి బిగబట్టలేదు."

డబ్బాలో వంద.
పక్కన పెట్టినదాన్ని కలుపుకున్నా
గుల్లల్లో తొంభై తొమ్మిదే.
రాత్రి పదింటిదాకా టార్చి పట్టుకుని
బల్లకింద, తివాచీ పోగుల్లో,
ఆయన ఉన్ని మేజోళ్ళ మడతల్లో.
"వాక్యూమ్ క్లీనర్ ఈ గడప తొక్కకూడదు" అన్నాడు,
మోకాళ్ళ మీదే ఉండి.

వేట అయింది. ఒకదాన్ని కొట్టాను.
ఒకదాన్ని, పక్కన దూడ ఉందని, పోనిచ్చాను.
మొండి ప్రైమర్ రెండుసార్లూ సిద్ధంగానే ఉంది,
ఆ రెండోసారి ఆగింది నా వేలు.

ఇప్పుడు ఫిబ్రవరి.
ప్రతి శనివారం వెళ్ళి ఆ గది చీపురుతో ఊడుస్తాను.
చేటెత్తి దీపం కిందకి తెస్తే
ఇద్దరం దుమ్ములోకి వంగుతాం.
రొట్టె పొడి, కుక్క వెంట్రుకలు,
ఎప్పటిదో ఒక కోటు గుండీ.
"లేదు" అంటాడు ఓయివా,
అంత దిగులుగా ఏమీ కాదు,
నా కప్పు నిండా, తన కప్పు సగం పోస్తూ.
"పొయ్యి వెనక చూడలేదు మనం.
వచ్చేవారం. అది చల్లారాక."