అందుకో

నా పరిశోధనలో రెండు గుంపులు.
ఒకదానికి పాట. ఒకదానికి పాట లేదు.
పాలమూరులో, మెట్టుగడ్డ దాటినాక,
ఒకప్పుడు పల్లికాయ గోదాము,
ఇప్పుడు రేకుల కింద పద్దెనిమిది మంచాలు,
మరుపు పట్టినవాళ్లవి.
చీటీలు నా చేతులతోనే తీసి పంచాను.
కుర్మమ్మకు వచ్చిన చీటీ: పాట లేదు.

ఊరు ధన్వాడ పక్కన. వయసు అరవై ఎనిమిదో, డెబ్బై నాలుగో,
ఆధార్ ఒకటి చెప్తుంది, మనుమడు ఇంకొకటి.
ముప్పై ప్రశ్నలకు తొమ్మిది మార్కులు.
"ఇయ్యాల ఏ వారమవ్వా?" అంటే
"కూలి ఇచ్చే వారం" అంది.
జవాబు తప్పని రాసుకున్నాను.

పాట చీటీ వచ్చిన తొమ్మిదిమందికి
చెవుల మీద హెడ్‌ఫోన్లు,
పొద్దున ఇరవై నిమిషాలు, మాపున ఇరవై.
ఇంటివాళ్లను అడిగి అడిగి ఏరిన పాటలు.
ఉసేన్ సాబుకు పీర్ల పండుగ మర్సియా.
టీచరమ్మకు, తన పెండ్లి ఊరేగింపులో
బ్యాండువాళ్లు మూడుసార్లు తప్పు వాయించిన సినిమా పాట.
ఆమె నవ్వింది. గడి నింపాను.
ఉసేన్ సాబు ఏడ్చాడు. దానికీ ఒక గడి ఉంది.

కిటికీ దగ్గరి కుర్మమ్మకు
నేను ఇవ్వాల్సింది నిశ్శబ్దం,
రోజుకు నలభై నిమిషాలు, గడియారం చూసి.

బువ్వ వేళ మాత్రం అందరూ ఒకే వరస.
నా పథకంలో అది రాయడం మరిచాను.
ఐదో వారం, తినడమైనాక,
ఖాళీ స్టీలు పళ్లెం రెండు చేతులా ఎత్తి
నడుం సగం తిప్పి
పక్కనున్న టీచరమ్మకు చాచింది కుర్మమ్మ:

"ఊషన్నా అందుకో, ఊట మన్ను పైలం
తిప్పమ్మా అందుకో, తడి తట్ట బరువు
మొగులమ్మా అందుకో"

అక్కడ ఒక ఊపిరంత ఖాళీ.

"బుగ్గన్నా అందుకో, పొద్దు గుంకుతుంది."

టీచరమ్మ అందుకుంది. ఆమె నుంచి ఉసేన్ సాబు,
తనది కాని పేరుకు, నడుం తిప్పి మరీ.
పళ్లెం వరస చివరిదాకా పోయి
గోడకు తగిలి మోగింది.
పాట ఉన్నోళ్లు, లేనోళ్లు
ఎవరెవరో నాకే తెలియలేదు.

మనుమడు ఆటో ఆపి వచ్చి చెప్పాడు:
"డ్యాములకు పోయినప్పటి గుంపు మేడం.
లారీలెక్కి పోతుండ్రి, తట్టకో పేరు పిలుస్తుండ్రి.
ఇంట్ల ఎన్నడు పాడలే."
మొగులమ్మ తర్వాత ఎవరని అడిగాను.
"ఎవరో ఉండె. అవ్వకే ఎరుక."
అవ్వనడిగాను.
నా గాజుల దిక్కు చూసి మంచినీళ్లు అడిగింది.

స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాను, ఇరవై రెండుసార్లు.
కొన్నాళ్లు ఊషన్న రాడు. తిప్పమ్మ రెండుసార్లొస్తుంది.
ఆ ఒకటిన్నర సెకను మాత్రం
ఒక్కనాడూ పని ఎగ్గొట్టలేదు.

"ఆమెను తీసెయ్" అన్నారు గైడ్ సార్ ఫోన్లో,
"పాట లేని గుంపులో పాటేంది, లెక్క చెడుతుంది."
నిజమే.
నా ఫారంలో విన్న పాటకు గడి ఉంది,
పాడిన పాటకు లేదు.

పన్నెండో వారం, ఆఖరి పరీక్ష.
ముప్పైకి ఆరు. తగ్గింది.
అట్లాగే రాశాను, దిద్దకుండా.
కాయితాలు సర్దుతుంటే పళ్లెం లేచింది.
ఊషన్నా. తిప్పమ్మా. మొగులమ్మా.
అలవాటుగా నా బొటనవేలు స్టాప్‌వాచ్ మీదికి పోయింది.

"కాయిదాల పిల్లా అందుకో"

పళ్లెం నా ముందు గాలిలో ఆగింది.
అంచున ఒక మెతుకు.
"జల్ది!" అని కసిరింది,
"ఎన్కున్నోళ్ల చేతులు గుంజుతున్నయి."

పెన్ను ఎక్కడ పెట్టానో
గుర్తు లేదు.