మంచుతో ఏమిటి సంబంధం

గల్ కోవ్‌లో ఇల్లు కావాలని ఎవరు వెతికినా
ముందు టొరంటో కంపెనీలు కనబడతాయి,
తర్వాత ఈ తీరాన్ని మ్యాప్‌లో తప్ప చూడనివాళ్లు.
నాలుగో పేజీ అడుగున ఎక్కడో
వలలో పొరపాటున పడ్డ పీతలా నేను.
ముప్పై ఒక్క ఏళ్లుగా
ఈ ఊరి తాళంచెవులన్నీ నా కోటు జేబులోనే
గలగలమంటున్నా సరే.

హార్డ్‌వేర్ కొట్టు కుర్రాడు క్లైడ్ చెప్పాడు:
"నీ గురించి నువ్వే చెప్పుకుంటే లెక్కలోకి రాదు, ఆర్డిత్.
నలుగురి నోట నానాలి.
వాళ్ల సైట్లలోంచి నీకో లింకు ఇమ్మని అడుగు."

యాభై ఎనిమిదేళ్ల వయసులో
గడప గడపకీ వెళ్లి సంబంధం కలుపుకోమన్నట్టు
అరవై మూడు ఉత్తరాలు రాశాను.
ఉత్తరం ఒక్కటే, పేర్లే వేరు.
"మీ సైట్ చాలా బాగుంది" అని మొదలు.
సగం సైట్లు తెరిచి చూస్తే ఒట్టు.
ఒకసారి పేరు మార్చడం మరిచి
అంత్యక్రియల ఆఫీసుకి
"ప్రియమైన బొంతల సంఘానికి" అని పంపేశాను.
అందరికంటే ముందు జవాబిచ్చింది వాళ్లే,
ఎంతో మర్యాదగా,
మీకు అవసరం ఎప్పుడు పడినా సరే, అని.

బొంతల సంఘం ఒప్పుకుంది,
పెల్లీని బెల్లీ చేసి.
చర్చి ఆలోచిస్తామంది, ఇంకా ఆలోచిస్తోంది.
ఊరూ పేరూ లేని ఒకతను
రెండు వందల డాలర్లకి ఐదు వందల లింకులన్నాడు.
కిలోల లెక్కన చుట్టాలు!

మిగిలింది హెడ్లీ రైడౌట్.
ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజూ గుట్టెక్కి
ఏ మంచుకొండ ఎక్కడ ఆగిందో,
ఏది రాత్రి బోర్లాపడిందో రాసిపెడతాడు.
బడిపిల్లలూ టీవీవాళ్లూ పడవలవాళ్లూ
అందరి వేళ్లూ అతని వైపే.
అతని వేలు ఒక్కసారి నీ వైపు తిరిగితే చాలు, అన్నాడు క్లైడ్.

ఒక్క ముక్క రాశాడు హెడ్లీ:
"మంచుతో నీకేమిటి సంబంధం?"

రెండు రోజులు ఒళ్లు మండింది.
మూడో రోజు కోటు తొడుక్కున్నాను.

అమ్మకానికి ఉన్నవి పదకొండు ఇళ్లు.
ఒక్కో ఇంటి తలుపు తీసి
కొనేవాళ్ల కోసం తెరిచే కర్టెన్లని
మొదటిసారి నా కోసం తెరిచాను.
నోరిస్ వాళ్ల సింకు ముందు నిలబడితే
మే నెలలో గిన్నెలు కడిగే చేతులు ఆగిపోతాయి.
పచ్చ ఇంట్లో మెట్ల మలుపు దగ్గర మాత్రమే,
అదీ మునివేళ్ల మీద లేస్తేనే.
తొమ్మిదో ఇంటికి తడిసిన బూట్లతో వెళ్లాను,
అక్కడ మూడు కిటికీల నిండా నీళ్లే.
పాత టెలిగ్రాఫ్ ఇంట్లో
ఏ కిటికీకీ మంచు కనబడదు.
ఆ మాటా రాశాను.
ఆ ఒక్క మాట రాయడానికి అరగంట పట్టింది.

హెడ్లీ ఏమీ అనలేదు.
ఒక పొద్దున అతని పేజీలో, గాలివేగం కింద,
"ఆర్డిత్ కిటికీలు" అని ఉంది, నీలం రంగులో.
నొక్కి చూశాను.
నా ఇంటికే నేను చుట్టపుచూపుగా వెళ్లినట్టుంది.

ఇప్పుడు మూడో పేజీలో ఉన్నాను, మధ్యలో.
ఓపిక పట్టమంటాడు క్లైడ్.
మొన్న ఒకావిడ ఫోన్ చేసి
కిటికీల గురించి ముప్పావుగంట మాట్లాడింది,
ధర అడగలేదు.

నిన్న నాకో ఉత్తరం వచ్చింది.
పడవ ఇంజన్లు బాగుచేసే కోరీ స్ట్రాంగ్ దగ్గర్నుంచి.
"మీ సైట్ చాలా బాగుంది" అని మొదలు.
పగలబడి నవ్వాను.
నవ్వి, హెడ్లీ దగ్గర అప్పు తెచ్చుకున్నట్టు
ఒక్క ముక్క రాశాను:
"ఇంజన్లతో ఇళ్లకేమిటి సంబంధం?"

జవాబు రాత్రి పదకొండింటికి వచ్చింది.

"నీ తొమ్మిదో ఇంటికి
రోడ్డు లేదు కదా."